"ఆకలి వేరు, ఒక్కపొద్దు వేరు" అంటే ఏమిటి? ఇస్లాంలో ఉపవాసం అసలు ఎందుకు?

ప్రశ్న: మిర్చి కొట్టు గుమాస్తా

అందరికీ నమస్కారం. నేను గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమాస్తాగా పనిచేస్తున్నాను. ముస్లింను కాను. మా ఇంట్లో ఏకాదశికీ కార్తిక సోమవారాలకూ ఉపవాసం ఉండే అలవాటు తాతల నాటి నుంచి ఉంది కాబట్టి, ఉపవాసమన్న మాట నాకు కొత్తది కాదు. అయినా కిందటి రంజాన్ నెలలో కలిగిన ఒక సందేహం ఇప్పటికీ తీరలేదు. తెలిసినవారు ఓపికగా వివరిస్తారన్న ఆశతో ఇక్కడ రాస్తున్నాను.

మా కొట్టుకు బస్తాలు మోసే హమాలీలలో ఒక పెద్దాయన ఉన్నారు. రంజాన్ నెలంతా ఒక్కరోజు కూడా తప్పకుండా ఒక్కపొద్దు ఉంటారు. యార్డు సంగతి ఎరిగినవారికి నేను చెప్పనక్కర్లేదు. ఎండలు ముదిరేకొద్దీ సరుకు రద్దీ పెరుగుతుంది, గాలి నిండా మిరప ఘాటు ఉంటుంది, ఊరికే నిలబడ్డవాడికే దగ్గు ఆగదు, గొంతు మండిపోతుంది. అలాంటి చోట ఆయన తెల్లవారుజాము నుంచి పొద్దుగుంకే దాకా టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, మోస్తూ చుక్క నీరు ముట్టరు.

ముస్లింలు ఉపవాసం ఎందుకు ఉంటారని అడిగినప్పుడల్లా నాకు రెండు జవాబులు వినిపించాయి. ఉన్నవాడికి లేనివాడి ఆకలి తెలిసిరావాలని మొదటిది, ఒంటికి మంచిదని రెండవది. మొదటి జవాబు మా యజమానిలాంటి వారికి సరిపోతుందేమో గాని, ఈ పెద్దాయనకు ఎలా సరిపోతుంది? పేదవాడి ఆకలిని ఆయనకు కొత్తగా ఎవరు నేర్పాలి? ఇక రోజంతా బరువులు మోసి చెమటోడ్చే మనిషి నీళ్లు మానితే ఒంటికి ఏం మేలో నాకు అర్థం కాలేదు.

ఒకరోజు కాటా దగ్గర కాస్త తీరిక దొరికినప్పుడు ఆయననే అడిగాను. "భాయ్, ఏడాది పొడుగునా పూట గడవడానికే ఇంత మోస్తున్నారు, మళ్లీ కోరి ఈ నెల ఆకలి ఎందుకు?" అన్నాను. ఆయన నా వైపు చూసి నవ్వారు. "ఆకలి వేరు, ఒక్కపొద్దు వేరు గుమాస్తా గారూ" అని టిక్కీ భుజానికెత్తుకొని వెళ్లిపోయారు.

ఆ రెంటికీ తేడా ఏమిటి? కడుపు మాడడం రెండింటిలోనూ ఒకటే కదా? వాదన కోసం అడగడం లేదు. ఆయన ఆ మాట అన్నప్పుడు ఆ ముఖంలో ఉన్న నిబ్బరం ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవాలని ఉంది.

సమాధానం: ఉర్దూ పంతులు

గుమాస్తా గారికి నమస్కారం. పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుణ్ని. ఈ ప్రశ్నను ఇంత సూటిగా వేసినవారు నాకు తక్కువగా తారసపడ్డారు. మీ తర్కం సరైనదేనని ముందుగా ఒప్పుకుంటున్నాను. లేనివాడి ఆకలి ఉన్నవాడికి తెలియడమే ఉపవాసానికి అసలు కారణమైతే, లేనివాడికి ఉపవాసం అక్కర్లేకపోవాలి. కాని రంజాన్ ఉపవాసం కోటీశ్వరుడికీ కూలివాడికీ ఒక్కలాగే విధి. జకాత్, అంటే తప్పనిసరి దానం, అలా కాదు, నిర్ణీత పరిమాణానికి మించి ఆస్తి ఉన్నవారి మీదే ఉంటుంది. హజ్ కూడా స్తోమత ఉన్నవారి మీదే ఉంటుంది. ఉపవాసానికి మాత్రం ఆస్తితో లంకె లేదు. కనుక కారణాన్ని మరోచోట వెతకాలి.

ఆ కారణాన్ని ఖుర్ఆన్ తానే చెబుతుంది. రెండవ సూరా (అధ్యాయం) 183వ ఆయతులో (వాక్యంలో), విశ్వాసులారా, మీ పూర్వులకు విధించినట్లే మీకూ ఉపవాసం విధించబడింది, దాని వలన మీలో తఖ్వా కలగాలని, అన్న భావం ఉంది. హిజ్రీ (ఇస్లామీ శకం) 2వ సంవత్సరంలో, అంటే క్రీ.శ. 624లో, మదీనాలో ఈ విధి వచ్చింది. ఆ ఆయతులో ఆరోగ్యం ప్రసక్తి లేదు, తఖ్వా ఒక్కటే ఉంది. తెలుగు అనువాదాలలో దీన్ని భయభక్తులు అంటున్నారు. ఆ మాట తప్పు కాదు గాని, భయం అనగానే మనకు దండన గుర్తుకు వస్తుంది. అరబీ ధాతువులో ఉన్నది కాచుకోవడం, జాగ్రత్తపడడం. ఖలీఫా ఉమర్ ఒకసారి ఉబై ఇబ్న్ కఅబ్ అనే ప్రవక్త సహచరుణ్ని తఖ్వా అంటే ఏమిటని అడిగారని వ్యాఖ్యాతలు రాశారు. ముళ్లదారిలో ఎప్పుడైనా నడిచారా అని ఉబై ఎదురు ప్రశ్న వేశారు. నడిచానన్నారు ఉమర్. అప్పుడు ఏం చేశారని అడిగితే, బట్టలు దగ్గరకు తీసుకొని చూసి చూసి అడుగు వేశానన్నారు. అదే తఖ్వా అన్నారు ఉబై. తుమ్మకంప పరచుకున్న డొంకదారిలో పంచె ఎగగట్టుకొని నడిచిన మన రైతుకు ఈ పోలికను విడమరచి చెప్పనవసరం లేదు.

ఇక మీ పెద్దాయన మాటకు వస్తాను. ఆకలే లక్ష్యమైతే, ఎంత ఎక్కువసేపు మాడితే అంత ఎక్కువ పుణ్యం రావాలి. ఉపవాసపు నియమాలు చూస్తే సంగతి దానికి పూర్తిగా విరుద్ధంగా ఉంటుంది. సూర్యాస్తమయం కాగానే జాగు చేయకుండా ఉపవాసం విరమించాలి. ఇఫ్తార్‌కు త్వరపడినంత కాలం జనం మేలులో ఉంటారని దైవప్రవక్త (స) చెప్పారు. తెల్లవారకముందు సహరీ తినండి, అందులో శుభం ఉందని అన్నారు. విరమించకుండా రోజుకు రోజు కలిపి ఉపవాసం ఉండవద్దని సహచరులను వారించారు. రంజాన్, బక్రీద్ పండుగ రోజుల్లో ఉపవాసం నిషిద్ధం. రోగికీ ప్రయాణికుడికీ మినహాయింపునిచ్చి, ఆ లెక్కను మరో రోజుల్లో పూర్తి చేసుకోమంటూ, అల్లాహ్ మీకు సౌలభ్యాన్నే కోరుతున్నాడు గాని కష్టాన్ని కోరడం లేదని 185వ ఆయతు చెబుతుంది.

వీటన్నిటికంటే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినవి రెండు హదీసులు, అంటే ప్రవక్త మాటలుగా నమోదైనవి. ఉపవాసంలో ఉన్న మనిషి ఆ సంగతి మరచిపోయి తిన్నా తాగినా, అతని ఉపవాసం చెడదు. గుర్తుకు రాగానే ఆపి ఉపవాసం కొనసాగించాలి, అతనికి అల్లాహ్‌యే తినిపించాడు, తాగించాడు అన్నది మొదటిది. అబద్ధమాడడం, అబద్ధం ప్రకారం నడవడం మానుకోనివాడు అన్నపానాలు మానుకోవడం అల్లాహ్‌కు ఏమీ అవసరం లేదన్నది రెండవది. రెండూ ఇమాం బుఖారీ కూర్చిన హదీసుల సంకలనంలో ఉన్నాయి. వీటిని పక్కపక్కన పెట్టి చూడండి. కడుపు నిండిన మొదటివాడి ఉపవాసం నిలిచింది, కడుపు మాడిన రెండోవాడి ఉపవాసం వల్ల అతనికి ఒరిగింది లేదు. ఆకలిని కొలబద్దగా పెట్టుకుంటే ఈ రెండింటిలో ఏదీ బోధపడదు.

మరి కొలబద్ద ఏది? అల్లాహ్ మాటగా దైవప్రవక్త (స) చెప్పిన హదీసు ఒకటి ఉంది. ఆదం సంతతి చేసే ప్రతి పనీ వారిది, ఉపవాసం తప్ప. అది నాది, దాని ప్రతిఫలం నేనే ఇస్తాను, అన్నది దాని భావం. నమాజును పక్కవరుసలోని వారు చూస్తారు. దానాన్ని పుచ్చుకున్నవాడు చూస్తాడు. హజ్ చేసి వచ్చినవారికి బంధుబలగం దండలతో ఎదురు వెళుతుంది. ఉపవాసం ఇలా కంటికి కనిపించే పని కాదు, ఒక పనిని చేయకుండా ఉండడమే అక్కడ ఆరాధన. మీ యార్డులో పనిచేసే పెద్దాయన జొహర్ (మధ్యాహ్నపు) నమాజుకు వజూ చేసేటప్పుడు, అంటే ముఖం, కాళ్లూ చేతులూ కడుక్కునేటప్పుడు, నోట్లో నీళ్లు పోసుకొని పుక్కిలిస్తారు. మిరప ఘాటుకు మండుతున్న గొంతుకు బెత్తెడు దూరంలో ఆ నీళ్లున్నాయి. ఒక్క గుక్క లోపలికి జారితే పక్కనున్నవాడికి తెలిసే అవకాశమే లేదు. అయినా ఉమ్మేస్తారు. మళ్లీ అసర్ (సాయంత్రపు) నమాజుకు అదే నీరు, అదే దాహం, మళ్లీ ఉమ్మేస్తారు. మనిషి కన్ను పడని చోట కూడా తనను చూసేవాడు ఉన్నాడన్న ఎరుకతో మెలగడం తప్ప తఖ్వా మరేమిటి? ఒక నెలపాటు రోజూ ఇలా మెలిగిన మనిషి, మిగతా పదకొండు నెలలు కాటా దగ్గరా లెక్కల పుస్తకం దగ్గరా కూడా అదే ఎరుకతో మెలగాలన్నది ఈ శిక్షణ ఉద్దేశం.

అందుకే ఆయన ఆ రెండూ వేరన్నారు. లేక తినకపోవడం ఆకలి. ఉండీ, తన కష్టంతో సంపాదించిన హలాల్ (ధర్మసమ్మతమైన) అన్నమే అయి ఉండీ, ఒకరి ఆజ్ఞ కోసం ఆగడం ఒక్కపొద్దు. ఆకలి అడగకుండా వచ్చి పడుతుంది, ఒక్కపొద్దుకు నియ్యత్ కావాలి, అంటే సంకల్పం చేసుకొని అందులోకి ప్రవేశించాలి. ఏడాదిలో మిగతా నెలలు పేదవాడు ఆకలి చెప్పినట్టు వినవలసి రావచ్చు, ఈ నెలలో ఆకలి అతను చెప్పినట్టు వింటుంది. మీరు చూసిన నిబ్బరం అక్కడి నుంచి వచ్చిందని నా నమ్మకం.

మరొక్క సంగతి చెప్పి ముగిస్తాను, ఇది నాకు ఎంతో ఇష్టమైనది. రెండవ సూరాలో ఉపవాసం గురించిన ఆయతులు 183 నుంచి 187 వరకు వరుసగా ఉన్నాయి. నడుమనున్న 186లో మాత్రం ఉపవాసం మాటే రాదు. నా దాసులు నా గురించి నిన్ను అడిగితే, నేను దగ్గరే ఉన్నాను, పిలిచేవాడు నన్ను పిలిచినప్పుడు పలుకుతాను, అని అల్లాహ్ ప్రవక్తతో చెప్పే మాట అది. తరువాతి ఆయతు మళ్లీ ఉపవాసపు రాత్రుల నియమాలలోకి వెళ్లిపోతుంది. అన్నపానాల ఆజ్ఞల మధ్య ఈ దగ్గరితనం ప్రస్తావన ఎందుకు వచ్చిందో ఆలోచించినకొద్దీ, మొత్తం ఉపవాసం ఈ ఒక్క మాట కోసమేనేమో అనిపిస్తుంది. అరబీలో సౌమ్ అంటే ఆపుకోవడం. మీ ఇంటి ఆచారంలోని సంస్కృత పదానికి దగ్గరగా వసించడమని పెద్దలు అర్థం చెబుతారు. రెండు ధర్మాల ఉపవాసాలూ ఒకటేనని నేను అనను, నియమాలు వేరు, నమ్మకాలు వేరు. కాని తెలుగు మాతృభాషగా ఉన్న ముస్లిం ఆ 186వ ఆయతును తెలుగులో చదువుకున్నప్పుడు, తాను రోజూ వాడే ఉపవాసమన్న మాటలోనే ఆ దగ్గరితనం ఒదిగి ఉందని గమనించకుండా ఉండలేడు.

ఆరోగ్యం సంగతి ఒక్క ముక్కలో చెబుతాను. మేలు జరిగితే సంతోషమే. అయితే బరువు తగ్గాలన్న సంకల్పంతోనే తిండి మానితే దాన్ని పథ్యం అనాలి, ఇబాదత్ (ఆరాధన) అనకూడదు.

సమాధానం: వేకువ

అస్సలాము అలైకుం. పంతులు గారి సమాధానం చదివి చాలాసేపు అలాగే కూర్చున్నాను. ఆయన చెప్పినదానికి ఆడవాళ్ల వైపు నుంచి కొంత చేర్చాలనుకుంటున్నాను, ఎందుకంటే ఆకలికీ ఉపవాసానికీ ఉన్న తేడా మాకు ప్రతి ఏడాదీ అనుభవంలోకి వస్తుంది.

నెలసరి రోజుల్లో స్త్రీలు ఉపవాసం ఉండకూడదు. ఉండకపోయినా ఫరవాలేదని కాదు, ఉండకూడదు. ఆ రోజుల లెక్కను రంజాన్ తరువాత ఖజాగా, అంటే తప్పినవాటికి బదులుగా, తీర్చుకోవాలి, తప్పిన నమాజులను మాత్రం తీర్చనక్కర్లేదు. చిన్న వయసులో నాకు ఇది చాలా అవమానంగా ఉండేది. ఇంటిల్లిపాదీ ఒక్కపొద్దులో ఉన్నప్పుడు నేనొక్కదాన్నే తినడం దొంగతనంలా అనిపించి, వంటింటి తలుపు చాటున నిలబడి రెండు ముద్దలు మింగేదాన్ని. ఒకరోజు మా నానీ (అమ్మమ్మ) అది చూసి, నన్ను కూర్చోబెట్టి, పళ్లెంలో అన్నం వడ్డించి, తాను ఒక్కపొద్దులో ఉండి కూడా నేను తినడం అయ్యేదాకా ఎదురుగా కూర్చుంది. "ఆగమన్నప్పుడు ఆగడం ఎంతో, తినమన్నప్పుడు తినడమూ అంతే బేటీ" అంది. ఆమె బడికి వెళ్లి చదువుకున్న మనిషి కాదు. పంతులు గారు ఇన్ని నియమాలతో చెప్పిన సంగతి ఆమె ఒక్క మాటలో చెప్పింది.

ఆ తరువాత ఖజా రోజుల సంగతి. రంజాన్‌లో ఉపవాసం ఉండడం ఒక విధంగా తేలిక, ఎందుకంటే ఊరంతా మనతో ఉంటుంది. సహరీకి లేపేవారుంటారు, మసీదులో సైరన్ మోగుతుంది, ఇఫ్తార్ దస్తర్‌ఖాన్ చుట్టూ అందరూ చేరతారు. ఖజా ఉపవాసంలో ఇవేవీ ఉండవు. పండుగ అయిన రెండు నెలలకు, ఒక మామూలు మంగళవారం నాడు, ఇంట్లోవాళ్లకు మధ్యాహ్నం వేడివేడిగా వడ్డిస్తూ, పక్కింటావిడ టీ తెచ్చిస్తే ఏదో వంక చెప్పి తప్పించుకుంటూ, సాయంత్రం ఒక్కదాన్నే ఖర్జూరం నోట్లో వేసుకుంటాను. ప్రవక్త భార్య ఆయిషా (ర) కూడా తనకు మిగిలిపోయిన ఉపవాసాలను, రంజాన్‌కు ముందు వచ్చే షాబాన్ నెలలో తీర్చుకునేవారని చదివినప్పుడు, అంతటి ఆమెకూ ఈ ఒంటరి ఉపవాసాలు ఉన్నాయి కదా అని ఎంతో ఊరట కలిగింది. "అది నాది" అన్న అల్లాహ్ మాట నాకు రంజాన్‌లో కంటే ఈ రోజుల్లోనే ఎక్కువగా అర్థమైంది.

నన్ను బాధించే విషయం కూడా ఒకటి చెప్పాలి. ఉపవాసం విరమించే ముందు గడియలు దుఆకు, అంటే వేడుకోలుకు, ఎంతో విలువైనవి. ఆ గడియల్లో మన ఇళ్లలోని ఆడవాళ్లు ఎక్కడ ఉంటున్నారు? పొయ్యి దగ్గర, సమోసాలు వేయించే నూనె మూకుడు ముందు. మగవాళ్లు తస్బీహ్ (జపమాల) తిప్పుకుంటూ ఉండగా, ఇరవై రకాలు వండే బాధ్యత మీద పడిన మనిషికి చేతులెత్తి ఒక్క మాట అడుక్కునే తీరిక దొరకదు. దైవప్రవక్త (స) తాజా ఖర్జూరాలతో, అవి లేకపోతే ఎండు ఖర్జూరాలతో, అవీ లేకపోతే నాలుగు గుక్కల నీళ్లతో ఉపవాసం విరమించేవారు. ఈ సున్నత్‌ను (ప్రవక్త ఆచరణను) మన ఇళ్లలో నిజంగా పాటిస్తే సగం మంది ఉపవాసం పూర్తి ఉపవాసమవుతుంది. దయచేసి మగవారు ఈ మాటను తేలికగా తీసుకోకండి.

సమాధానం: పాతబస్తీ పాఠకుడు

పంతులు గారి వాదన బలమైనది. అయినా ఒకచోట ఆయనతో విభేదిస్తున్నాను. పేదవాడి ఆకలిని ఉపవాసపు ఉద్దేశం నుంచి ఆయన దాదాపు తీసేశారు. 183వ ఆయతులో ఆ మాట లేదన్నది నిజమే, కాని ఆ మరుసటి ఆయతులోనే ఉంది. ఉపవాసం ఉండే శక్తి లేనివారు, అంటే పండు ముదుసలివారు, కోలుకునే ఆశ లేని రోగులు, దానికి బదులుగా ఏం చేయాలి? ఒక్కో రోజుకు ఒక పేదవాడికి అన్నం పెట్టాలి. దీన్ని ఫిద్యా అంటారు. అయిదవ సూరా 89వ ఆయతులో, ఒట్టు తప్పినవాడు పదిమంది పేదలకు అన్నం పెట్టాలనీ, అది చేతకానివాడు మూడు రోజులు ఉపవాసం ఉండాలనీ ఉంది. ఒకచోట ఉపవాసానికి బదులు అన్నం పెట్టడం, మరోచోట అన్నం పెట్టడానికి బదులు ఉపవాసం. ఒకదానికొకటి ప్రత్యామ్నాయంగా నిలిచే ఈ రెండింటి మధ్య సంబంధం లేదని ఎలా అనగలం? రంజాన్ ముగిశాక పండుగ నమాజుకు ముందే ఫిత్రా దానం ఇవ్వాలి. ఉపవాసిని వ్యర్థపు మాటల దోషం నుంచి శుభ్రపరచడానికీ, పేదలకు ఆహారంగానూ దాన్ని విధించారని ప్రవక్త సహచరుడు ఇబ్న్ అబ్బాస్ (ర) చెప్పారు. ఆ ఒక్క విధిలోనే లోపలి శుద్ధీ బయటి అన్నమూ రెండూ ఉన్నాయి.

కాబట్టి నా అభిప్రాయం ఇది. దయ ఉపవాసానికి కారణం కాకపోవచ్చు గాని, ఉపవాసం నిజంగా జరిగిందనడానికి అది గుర్తు. తఖ్వా కలిగినవాడి చేయి ముడుచుకొని ఉండదు. దైవప్రవక్త (స) ఎప్పుడూ ఉదారులే అయినా, రంజాన్‌లో దేవదూత జిబ్రీల్ వచ్చి ఖుర్ఆన్ పారాయణ చేయించే రోజుల్లో వీచే గాలి కంటే ఉదారంగా ఉండేవారని హదీసు.

గుమాస్తా గారి ప్రశ్నలోని పేదవాడి గురించి నాకు వెంటనే గుర్తుకొచ్చిన ఘటన ఒకటుంది, బుఖారీలోనే ఉంది. రంజాన్ పగటి వేళ భార్యతో కలిసి ఉపవాసం చెడగొట్టుకున్న ఒక మనిషి, నాశనమైపోయానంటూ ప్రవక్త (స) దగ్గరకు పరుగెత్తుకొచ్చాడు. ఒక బానిసను విడిపించగలవా అని అడిగారు. లేదన్నాడు. రెండు నెలలు వరుసగా ఉపవాసం ఉండగలవా? లేదన్నాడు. అరవై మంది పేదలకు అన్నం పెట్టగలవా? అదీ లేదన్నాడు. ఇంతలో ఎవరో ఒక గంపెడు ఖర్జూరాలు తెచ్చారు. తీసుకెళ్లి దానం చేయమని ఆ గంప అతనికే ఇచ్చారు. మాకంటే పేదవాడికా? మదీనా ఈ కొస నుంచి ఆ కొస దాకా మా ఇంటిని మించిన పేద ఇల్లు లేదు, అన్నాడతను. ప్రవక్త (స) పళ్లు కనబడేలా నవ్వి, అయితే మీ ఇంట్లోవాళ్లకే తినిపించు అన్నారు. తప్పు చేసి వచ్చిన పేదవాడు ఖర్జూరాల గంపతో ఇంటికి వెళ్లాడు. ఈ హదీసు మీద ఫికహ్ (ధర్మశాస్త్ర) పండితులు ఎన్నో పుటలు రాశారు. నాకు మాత్రం ప్రతిసారీ ఆ నవ్వే గుర్తుంటుంది.

ప్రసిద్ధ ఇస్లామీ పండితుడు ఇమాం గజాలీ మాట కూడా ఎవరూ ఎత్తలేదు గనుక చెబుతున్నాను. 1111లో మరణించిన ఆయన తన 'ఇహ్యా ఉలూముద్దీన్'లో ఉపవాసంలోని ఆంతర్యాల కోసం ప్రత్యేకంగా ఒక అధ్యాయం రాశారు. సామాన్యుల ఉపవాసం కడుపునూ కామాన్నీ ఆపడం. విశిష్టుల ఉపవాసం కన్ను, చెవి, నాలుక, చేయి, కాలు, ఇలా ప్రతి అవయవాన్నీ తప్పు నుంచి ఆపడం. అంతకంటే పై మెట్టున ఉన్నవారి ఉపవాసం మనసును అల్లాహ్ తప్ప మరొక ధ్యాస పడకుండా ఆపడం. పగలు మానిన తిండిని రాత్రి వడ్డీతో సహా తినేవాడికి ఉపవాసపు ఫలం ఎలా దక్కుతుందని కూడా ఆయన నిలదీశారు. వేకువ గారు చెప్పిన ఇరవై రకాల వంటకు ఇది సరిగ్గా తగిలే మాట. ఈ మూడు మెట్ల విభజనను కొందరు మనుషుల హోదాల పట్టికలా వాడుతుంటారు, చదువుకున్నవాడు పైన, కూలివాడు కింద అన్నట్టు. గజాలీ చెప్పినది మనసు స్థితుల గురించి. ఒకే మనిషి ఒకే రోజులో ఈ మూడింటి మధ్యా ఎక్కుతూ దిగుతూ ఉంటాడు, టిక్కీలు మోసే మనిషి మూడో మెట్టు మీద ఉండి, గజాలీని చదివిన నాలాంటివాడు మొదటి మెట్టు కూడా ఎక్కలేకపోవచ్చు.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. హిజ్రీ సంవత్సరానికి సుమారు 354 రోజులే కావడం వలన రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుగానే వస్తూ, దాదాపు 33 ఏళ్లలో అన్ని రుతువులనూ చుట్టివస్తుంది. 2018లో మే నెల మధ్యలో మొదలైంది, 2030లో జనవరిలో ఒకసారి, డిసెంబరు చివర మరోసారి వస్తుంది. నడివేసవిలో బరువు పని చేసేవారు ఉపవాసపు సంకల్పంతోనే రోజు మొదలుపెట్టాలి. కాని కళ్లు తిరిగి ప్రాణం మీదికి వచ్చే పరిస్థితి ఏర్పడితే విరమించి, తరువాత ఖజా తీర్చుకోవచ్చని పండితులు చెప్పారు. ఎడతెగకుండా ఉపవాసం ఉంటున్న అబ్దుల్లా ఇబ్న్ అమ్ర్ (ర) అనే సహచరుణ్ని పిలిచి, నీ శరీరానికీ నీ మీద హక్కు ఉందని ప్రవక్త (స) హెచ్చరించారు. ప్రాణం పోగొట్టుకోవడం ఉపవాసం కాదు.

మిర్చి కొట్టు గుమాస్తా

ముగ్గురికీ మనసారా కృతజ్ఞతలు. పుక్కిలించి ఉమ్మేసే నీళ్ల గురించి పంతులు గారు రాసినది చదివాక, కొట్టు వెనక కుళాయి దగ్గర ఆ పెద్దాయన వజూ చేయడం ఎన్నిసార్లు చూశానో గుర్తుకొచ్చింది. ఎన్నిసార్లు చూసినా, ఆ నీళ్లను గురించి ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

ఇంకొక సంఘటన ఉంది. కిందటి రంజాన్‌లోనే, మోసిన టిక్కీల లెక్క దగ్గర తేడా వచ్చి, వయసులో చిన్నవాడైన మరో హమాలీ ఆయనను నానా మాటలూ అన్నాడు. ఈయన తిరిగి ఒక్క మాట అనలేదు. "నేను ఒక్కపొద్దులో ఉన్నాను" అని రెండుసార్లు అని పక్కకు తప్పుకున్నారు. ఒంట్లో ఓపిక లేక తప్పుకున్నారని అప్పట్లో అనుకున్నాను. ఇప్పుడు ఆ మాట వెనక మరేదో ఉందనిపిస్తోంది. నిజమేనా?

చివరిగా ఒక మనవి. వచ్చే రంజాన్‌లో ఆయనకు ఇఫ్తార్‌కు ఏమైనా ఇవ్వాలని ఉంది. నేను ముస్లింను కాను కదా, నా చేతి మీదుగా ఇస్తే ఆయనకు ఇబ్బంది అవుతుందా?

ఉర్దూ పంతులు

మీ అనుమానం నిజమే. ఉపవాసం ఒక డాలు అని హదీసు. మీలో ఎవరైనా ఉపవాసంలో ఉన్న రోజున అసభ్యంగా మాట్లాడకూడదు, కేకలు వేయకూడదు, ఎవరైనా తిట్టినా కొట్లాటకు వచ్చినా నేను ఉపవాసంలో ఉన్నానని చెప్పాలి, అని అందులో ఉంది. ఆ మాట ఎదుటివాడికి చెప్పినట్టు ఉంటుంది గాని, తన కోపానికి చెప్పుకున్నదని కూడా పండితులు అన్నారు. ఆయన రెండుసార్లు అన్నారని రాశారు. ఒకటి అతనికీ, ఒకటి తనకూ అయి ఉండవచ్చు.

పాతబస్తీ పాఠకుడు గారి దిద్దుబాటును స్వీకరిస్తున్నాను. పేదవాడి ఆకలిని కారణం కాదని చెప్పే తొందరలో, 184వ ఆయతును దాటేసి వెళ్లిపోయాను. వేకువ గారి మాట మా ఇంట్లో ఇవాళే చదివి వినిపించాను. వచ్చే రంజాన్‌లో అసర్ తరువాత మా ఇంట్లో పొయ్యి వెలగదని నిర్ణయమైంది.

మీ చేతి ఇఫ్తార్‌కు ఏ అభ్యంతరమూ లేదు. దైవప్రవక్త (స) ముస్లిమేతరులు ఇచ్చిన కానుకలను స్వీకరించారు. పెద్దగా ఏమీ వద్దు, నాలుగు ఖర్జూరాలు, ఒక సీసా చల్లని నీళ్లు చాలు. వాటికంటే ఆయనకు అవసరమైనది మీ చేతిలో మరొకటి ఉంది. సూర్యుడు అస్తమించిన తరువాత ఇఫ్తార్‌ను ఆలస్యం చేయకూడదు, బరువు భుజం మీద ఉంటే ఆయన ఆగక తప్పదు. మగ్రిబ్ (సూర్యాస్తమయపు) అజాన్ వేళకు కాటా దగ్గర ఆయన వంతు వస్తే, ఆ టిక్కీని ఒక్క పది నిమిషాలు ఆగి తూచండి.